చంద్రుడికి ముందు ఓక్‌రిడ్జ్‌లో ఒక గది

చంద్రుడి మీద నడుస్తున్న మనిషికి హెల్మెట్ లోపల వాంతి అయితే? వినడానికి చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది. కానీ 1960లలో నాసా ఈ ప్రశ్నకి జవాబు కోసం నిజంగానే డబ్బు ఖర్చు పెట్టింది. హెల్మెట్ తీయడానికి వీల్లేదు. తుడుచుకోవడానికి చెయ్యి అందదు. ఊపిరాడక ప్రాణం పోవచ్చు. సూర్యుడి మీద తుఫాను రేగినప్పుడు ప్రోటాన్లు వరదలా వస్తాయి. ఒక మోతాదు దాటిన రేడియేషన్ ఒంటికి తగిలితే మొదట కనపడేవి ఆకలి చచ్చిపోవడం, కడుపులో తిప్పడం, వాంతులు. ఎంత మోతాదు దాటితే? నూటికి ఎంతమందికి? ఎన్ని గంటలకి? ఇంజినీర్లకి కావలసింది ఈ అంకెలు. నౌక గోడ ఎంత మందం ఉండాలో, తుఫాను వస్తే వెనక్కి తిరగాలో లేదో ఈ అంకెలే చెప్పాలి.

ఎలుకలకి వాంతులు కావు. అంచేత ఎలుకలనడిగితే ఈ జవాబు దొరకదు. కుక్కలకీ కోతులకీ అవుతాయి గానీ వాటి లెక్క మనిషికి సరిగ్గా అతకదు. కాబట్టి రేడియేషన్ తగిలిన మనుషులే కావాలి.

ఆ మనుషులు ఎవరు, వాళ్ళ మంచం దాకా అంతరిక్షం డబ్బు ఏ దారిన వచ్చింది అన్నదే ఈ వ్యాసం.

ఎగరని విమానం

కథ నాసా కంటే ముందే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే అమెరికా వైమానిక దళానికి ఒక కోరిక పుట్టింది: ఇంధనం కోసం దిగకుండా రోజుల తరబడి ఎగిరే అణు విమానం. రియాక్టర్ విమానంలోనే ఉంటుంది, దానికి కాస్త దూరంలో పైలట్ కూర్చుంటాడు. రియాక్టర్ చుట్టూ సీసం, కాంక్రీటు దట్టంగా కడితే విమానం లేవదు. పల్చగా కడితే పైలట్ ఒంటికి రేడియేషన్ తగులుతుంది. మరి పైలట్ ఎంతవరకూ తట్టుకుంటాడు?

1949, 50 ప్రాంతాల్లో ఆ ప్రాజెక్టు పెద్దలు ఒక ప్రతిపాదన తెచ్చారు. యావజ్జీవ శిక్ష పడిన ఖైదీల్లో ఒప్పుకున్నవాళ్ళ మీద ప్రయోగం చేద్దాం అన్నారు. అణుశక్తి సంఘంలో వైద్య విభాగం అధిపతి షీల్డ్స్ వారెన్ దీనికి అడ్డం తిరిగాడు. బర్క్‌లీ శాస్త్రవేత్త జోసెఫ్ హామిల్టన్ 1950లో ఆయనకి రాసిన ఒక ఉత్తరంలో ఇలాంటి పని చేస్తే బూకెన్‌వాల్డ్ వాసన కొడుతుందని హెచ్చరించాడు. న్యూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్లకి శిక్షలు పడి అప్పటికి మూడేళ్ళే అయింది. ఈ హామిల్టన్ అంతకు ముందే తన రోగులకి ప్లుటోనియం ఎక్కించిన మనిషి. అలాంటివాడే జంకాడంటే అప్పటి గాలి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

ఖైదీల ప్రతిపాదన ఆగిపోయింది, కానీ ప్రశ్న ఆగలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ జోలికి పోకూడదు సరే, రోగుల సంగతేమిటి? కేన్సర్ రోగులకి ఒళ్ళంతా రేడియేషన్ ఇవ్వడం అప్పటికే ఉన్న చికిత్స. ఎలాగూ ఇస్తున్నప్పుడు పక్కన నిలబడి కొలతలు తీసుకుంటే తప్పేముంది? ఈ వాదన ఎంత మెత్తగా ఉందో చూడండి. ఇందులో ఎవరూ ఎవరినీ బలవంతం చెయ్యడం లేదు, ఎవరి మీదా ప్రయోగం జరగడం లేదు, చికిత్స పక్కన ఓ నోట్‌బుక్ తెరిచి పెట్టారంతే. 1951 నుంచి 1956 దాకా హ్యూస్టన్‌లోని ఎమ్.డి. ఆండర్సన్ ఆస్పత్రిలో 263 మంది రోగులని వైమానిక దళం డబ్బుతో అలా కొలిచారు. ఆ విమానం అణుశక్తితో ఒక్కసారి కూడా ఎగరలేదు. 1961లో కెనెడీ ఆ ప్రాజెక్టుని మూసేశాడు.

నోట్‌బుక్ మాత్రం మూతపడలేదు. విమానం తర్వాత అణు యుద్ధంలో సైనికుడు వచ్చాడు, సైనికుడి తర్వాత వ్యోమగామి వచ్చాడు. డబ్బిచ్చే చెయ్యి మారినా అడిగే ప్రశ్న అదే, జవాబు కోసం వెళ్ళే వార్డూ అదే.

ఇంగ్లిష్ టీచర్ చదివిన రిపోర్టులు

మధ్యలో ఒక కాగితం సంగతి చెప్పాలి. 1953 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ మంత్రి చార్లెస్ విల్సన్ ఒక ఆదేశం జారీ చేశాడు. మనుషుల మీద పరిశోధన జరిగితే వాళ్ళకి అన్నీ చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలన్నది దాని సారం. న్యూరెంబర్గ్ సూత్రాలే అందులో ఉన్నాయి. ఎంత మంచి ఆదేశం! కాకపోతే దాని మీద ‘అతి రహస్యం’ అని ముద్ర వేశారు. పాటించాల్సిన వాళ్ళలో చాలామందికి అలాంటిది ఒకటుందని కూడా తెలియలేదు.

1960లో రక్షణ శాఖ సిన్సినాటీ విశ్వవిద్యాలయంతో ఒక కాంట్రాక్టు కుదుర్చుకుంది. దాన్ని నడిపినవాడు యూజీన్ సెంగర్ అనే రేడియాలజిస్టు. సైనికుడి ఒంట్లో ఎంత రేడియేషన్ చేరిందో మూత్ర పరీక్షలో తేలే ఉపాయం ఏదైనా ఉందా అన్నది మొదటి ప్రశ్న. 1960 నుంచి 1971 దాకా సుమారు 90 మంది రోగులకి ఒళ్ళంతా రేడియేషన్ ఇచ్చారు. ఎక్కువమంది బీదవాళ్ళు, చదువు లేనివాళ్ళు, సగానికి పైగా నల్లజాతివాళ్ళు. వాళ్ళకున్నవి పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, రొమ్ముల్లో గడ్డలు. అలాంటి గడ్డలకి ఒళ్ళంతా రేడియేషన్ ఇచ్చి లాభం లేదని అప్పటికే చాలామంది డాక్టర్లు అనుకుంటున్నారు. మొదటి ఐదేళ్ళు ఒప్పుకోలు పత్రాలు లేవు. వికారం వస్తుందని రోగికి ముందుగా చెప్పలేదు. చెబితే ఆ ఊహతోనే వాంతి చేసుకుంటారని, లెక్క చెడిపోతుందని. వాంతి ఆపే మందు కూడా ముందుగా ఇవ్వలేదు.

ఈ చిన్న వివరం దగ్గర ‘చికిత్స పక్కన నోట్‌బుక్’ అన్న వాదన పగిలిపోతుంది. చికిత్స కోసమే అయితే రోగి వాంతి చేసుకోకుండా చూడాలి. లెక్క కోసమైతే వాంతి చేసుకునే దాకా ఆగాలి. ఈ రెండిట్లో ఏది ఎంచుకున్నారో చూస్తే ఆ గదిలో యజమాని ఎవరో తెలుస్తుంది.

దీన్ని బయటికి లాగినవాళ్ళలో డాక్టర్ కాని మనిషి ఒకరున్నారు. మార్తా స్టీఫెన్స్ అదే విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పే జూనియర్ అధ్యాపకురాలు. 1971లో పత్రికల్లో ఏదో వచ్చిందని విని, సెంగర్ బృందం రక్షణ శాఖకి ఏటేటా పంపిన రిపోర్టులు సంపాదించి చదవడం మొదలుపెట్టారు. వాటిలో రోగులకి పేర్లు లేవు. పొడి అక్షరాలు, నంబర్లు. ఫలానా నంబర్‌కి ఇంత మోతాదు, ఇన్ని రోజులకి మరణం. నవల చదివే మనిషి చదివినట్టు ఆమె వాటిని చదివారు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏది చెప్పకుండా దాటేస్తున్నారు. ఆ రిపోర్టులు చికిత్స గురించి డాక్టర్లకి రాసినవి కావు, సైనికుల గురించి సైన్యానికి రాసినవి. 1972లో జూనియర్ అధ్యాపకుల సంఘం తరఫున ఆమె నివేదిక బయటపెట్టారు. ఆ ఏడే ఆ పరిశోధన ఆగిపోయింది. సెంగర్ బృందమే 1973లో ఒక వైద్య పత్రికలో, ఎనిమిది మరణాల్లో రేడియేషన్ పాత్ర ఉండి ఉండొచ్చని రాసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నిశ్శబ్దం. 1994లో పేర్లు బయటపడ్డాక కుటుంబాలు కోర్టుకెళ్ళాయి. 1999లో 50 లక్షల డాలర్లకు పైగా పరిహారంతో, ఆస్పత్రి దగ్గర ఒక ఫలకంతో కేసు ముగిసింది.

నాసా అద్దెకి తీసుకున్న జ్ఞాపకం

టెనెసీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్ అణుబాంబు కోసం కట్టిన ఊరు. హిరోషిమా బాంబుకి యురేనియం అక్కడే తయారైంది. యుద్ధం తర్వాత అణుశక్తి సంఘం అక్కడ ఒక చిన్న కేన్సర్ ఆస్పత్రి నడిపింది. 1960లో ఆ ఆస్పత్రిలో ఒక గది కట్టారు. రోగి మధ్యలో పడుకుంటే చుట్టూ ఉన్న సీజియం-137 నుంచి నిమిషానికి ఒకటిన్నర రాంట్‌జెన్ చొప్పున గామా కిరణాలు అన్ని వైపుల నుంచీ సమంగా పడతాయి.

తర్వాత కొన్నేళ్ళకి ఇంకో గది వచ్చింది. ఇందులో కోబాల్ట్-60. వేగం నిమిషానికి కాదు, గంటకి ఒకటిన్నర. అంటే అరవై రెట్లు నెమ్మది. అందుకని రోగి అందులో గంటలూ రోజులూ ఉండాలి. మంచం, కుర్చీ అన్నీ ఉండి మామూలు గదిలా కనిపిస్తుంది. ఈ రెండో గదికి నాసా డబ్బు అందింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. బాంబు రేడియేషన్ ఒక్క దెబ్బలో తగులుతుంది. అంతరిక్షంలో అలా కాదు, సన్నగా, ఆగకుండా, రోజుల తరబడి తగులుతుంది. ఒక చిన్న గదిలో మూసుకుని కూర్చున్న మనిషికి నెమ్మదిగా తగిలే రేడియేషన్! రోగి గదీ వ్యోమగామి గదీ ఒకదానికొకటి నమూనాల్లా ఉన్నాయి.

దీనికి ముందే, 1964లో, నాసా ఓక్‌రిడ్జ్ బృందానికి ఇంకో పని అప్పజెప్పింది. రకరకాల ఆస్పత్రుల్లో ఒళ్ళంతా రేడియేషన్ పొందిన పాత రోగుల కేసు షీట్లు వెతికి, ఎంత మోతాదుకి ఎవరికి ఎప్పుడు ఆకలి పోయింది, ఎప్పుడు వాంతి అయింది అని ఏరి పట్టిక వెయ్యడం. క్లారెన్స్ లష్‌బా అనే శాస్త్రవేత్త దీనికి పెద్ద. నర్సులు రాత్రి డ్యూటీలో కేసు షీటు మీద గిలికిన నాలుగు ముక్కలు, ‘రోగి అన్నం ముట్టలేదు’ లాంటివి, చంద్రయానానికి ముడిసరుకు అయ్యాయి. 1967లో అమెరికా జాతీయ అకాడమీ మానవ అంతరిక్ష ప్రయాణానికి సంబంధించిన రేడియేషన్ ప్రమాదాల మీద ఒక పెద్ద నివేదిక వేసింది. దానికి సారథ్యం వహించిన రైట్ లాంగమ్, 1940లలో ప్లుటోనియం ఎక్కించిన రోగుల మలమూత్రాల లెక్కలు కట్టిన లాస్ అలమోస్ శాస్త్రవేత్త. మనుషుల మీద రేడియేషన్ ఏం చేస్తుందో తెలిసినవాళ్ళ ప్రపంచం చాలా చిన్నది. ఎటు తిరిగినా అవే పేర్లు.

ఇక్కడ ఓక్‌రిడ్జ్‌కీ సిన్సినాటీకీ తేడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఓక్‌రిడ్జ్ రోగుల్లో ఎక్కువమందికి ఉన్నవి లుకేమియా, లింఫోమా లాంటివి. వాటి మీద రేడియేషన్ నిజంగానే కొంత పనిచేస్తుంది. పాత కేసు షీట్లు చదవడంలో ఎవరి ఒంటికీ హాని లేదు. నాసా డబ్బు కోసం ఫలానా రోగికి మోతాదు పెంచారని తేల్చే రుజువేదీ లేదు. ఇంత మాత్రాన అంతా సవ్యమేనా? 1974లో అణుశక్తి సంఘం తన సొంత సమీక్ష తర్వాత ఆ ఆస్పత్రి కార్యక్రమాన్ని ఆపేసింది. పరిశోధనకి తగ్గ ప్రణాళిక లేదన్నది దాని మీద వచ్చిన విమర్శల్లో ఒకటి.

1981లో ఒక అమెరికన్ పత్రిక, లుకేమియాతో 1968లో ఆ ఆస్పత్రిలో చనిపోయిన ఒక పిల్లవాడి కథ వేసింది. అప్పటికి దొరుకుతున్న మందులని పక్కన పెట్టి ప్రయోగాలు చేశారని ఆరోపణ. ఆ మందుల మాట వచ్చినప్పుడు మనకి తెలిసిన పేరు ఒకటి గుర్తొస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ లాబ్స్‌లో తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1947, 48లలో లుకేమియా పిల్లలకి మొదటిసారి కాస్త ఊపిరి పోశాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ 1960ల నాటికి మామూలు వైద్యంలో భాగమైపోయింది. ఒకవైపు మందుల దారి అలా తెరుచుకుంటూ ఉండగా, ఇంకో వైపు రేడియేషన్ దారికి డబ్బు వస్తూ ఉంది. డబ్బున్న దారినే పరిశోధన సాగుతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ అక్కర్లేదు. ఆ ఏడు సెప్టెంబర్‌లో అల్ గోర్ అధ్యక్షతన కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. చికిత్స చికిత్స కోసమే చేశాం, లెక్కలు దాని వెనక వచ్చాయి అన్నారు డాక్టర్లు. కాదనడానికి ఆధారం లేదు. అవుననడానికి ఆ రోగులు లేరు.

కొలిచిన రేడియేషన్ వేరు, ఉన్న రేడియేషన్ వేరు

ఈ కథలో ఇంకో విషాదం ఉంది. అంతరిక్షంలో ఉండేది ప్రధానంగా గామా కిరణాలు కాదు. సూర్యుడి నుంచి ప్రోటాన్లు, పాలపుంత నుంచి ప్రోటాన్లతో పాటు ఇనుము దాకా బరువైన కేంద్రకాలు వస్తాయి. ఆ బరువు కేంద్రకాల సంగతి 1948లో బెలూన్లతో కనిపెట్టినవాళ్ళలో బెర్నార్డ్ పీటర్స్ ఒకడు. మెకార్తీ యుగంలో అమెరికాలో నిలవలేక ఆయన 1950లలో బొంబాయిలో హోమీ భాభా స్థాపించిన టాటా సంస్థలో పనిచేశాడు. గామా కిరణం కణాల మీద చినుకుల్లా పడితే, ఒక ఇనుప కేంద్రకం కణం గుండా గునపంలా దూసుకెళ్తుంది. సౌర తుఫానులో వాంతుల లెక్కకి గామా గది కొంతవరకూ పనికొచ్చింది. ఏళ్ళ తర్వాత వచ్చే కేన్సర్ గురించి, మెదడు గురించి ఆ గది ఏమీ చెప్పలేదు.

నిజానికి అపోలో వ్యోమగాములకి అదృష్టం కలిసొచ్చింది. అందరిలోకీ ఎక్కువ మోతాదు అపోలో 14 వాళ్ళది, సగటున ఒక రాడ్‌కి కాస్త పైన. 1972 ఆగస్టులో మహా సౌర తుఫాను వచ్చింది. అపోలో 16 ఏప్రిల్‌లో తిరిగొచ్చేసింది, అపోలో 17 డిసెంబర్‌లో బయల్దేరింది. మధ్యలో చంద్రుడి మీద ఎవరూ లేరు. అప్పుడు ఎవరైనా అక్కడ నడుస్తూ ఉండి ఉంటే ఓక్‌రిడ్జ్ పట్టికలని తిరగేయాల్సి వచ్చేది.

చంద్రయానం అయిపోయాక డబ్బూ పల్చబడింది. బరువు కేంద్రకాల మీద పరిశోధనకి అమెరికాలో దిక్కు బర్క్‌లీలోని బెవలాక్ యంత్రం ఒక్కటే. అది 1993లో మూతపడింది. నాసా సొంతానికి యంత్రం లేదు. బ్రూక్‌హేవెన్ భౌతిక శాస్త్రవేత్తల యంత్రం దగ్గర కాస్త సమయం అడిగి తీసుకుంది. చివరికి 34 మిలియన్ డాలర్లు పెట్టి అక్కడే తన ప్రయోగశాల కట్టుకుని 2003లో తెరిచింది. ఇప్పుడక్కడ కిరణాల కింద ఉండేవి కణాలు, ఎలుకలు. 2009లో ఉడుత కోతుల మీద ప్రయోగానికి 1.75 మిలియన్ డాలర్లు ఇస్తామని నాసా ప్రకటించగానే గొడవ మొదలైంది. 2010 చివర్లో ఆ ఆలోచన మానుకుంది. ముప్ఫై కోతుల కోసం ఊరంతా లేచిన కాలానికీ, 90 మంది మనుషుల కోసం ఒక ఇంగ్లిష్ టీచరు, ఇంకో కొద్దిమంది తప్ప ఎవరూ లేవని కాలానికీ మధ్య నలభై ఏళ్ళున్నాయి. దీన్ని పురోగతి అనాలో, ఇంకేమన్నా అనాలో పాఠకులే తేల్చుకోవాలి.

600 అనే అంకె

1970లో ఒక వ్యోమగామికి జీవితకాలంలో అనుమతించదగ్గ మోతాదు 400 రెమ్ అని అకాడమీ సూచించింది. ఇప్పటి కొలతల్లో 4000 మిల్లీసీవర్ట్‌లు. 2022లో నాసా దాన్ని ఆడా మగా తేడా లేకుండా 600 చేసింది. ఒంట్లో ఏమీ మారలేదు, మనకి తెలిసింది మారింది. మార్స్‌కి వెళ్ళిన క్యూరియాసిటీ దారిలో కొలిచిన దాన్ని బట్టి, వెళ్ళి రావడానికే దాదాపు 660 అవుతుంది. అక్కడ గడిపే రోజులు కాక. అంటే మార్స్ ప్రయాణానికి అడ్డం ఉన్న గోడల్లో ఒకటి ఈ అంకె.

మరి ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువ భాగం హిరోషిమా, నాగసాకీ నుంచి. బాంబు తర్వాత బతికినవాళ్ళని 1947 నుంచి అమెరికా సంస్థ పరీక్షించింది, చాలాకాలం చికిత్స మాత్రం ఇవ్వలేదు. నెమ్మదిగా తగిలే రేడియేషన్ సంగతి తేల్చడానికి ఇప్పుడు అణు కర్మాగారాల కార్మికులని, బాంబు పరీక్షల దగ్గర నిలబెట్టిన సైనికులని కలిపి పది లక్షల మంది మీద అధ్యయనం నడుస్తోంది. దానికి డబ్బిచ్చిన వాళ్ళలో నాసా కూడా ఉంది. అమెరికా ఇంధన శాఖ మాత్రం తక్కువ మోతాదు రేడియేషన్ మీద 1990ల చివర్లో మొదలుపెట్టిన కార్యక్రమాన్ని 2016లో ఆపేసింది. అందరికీ కావలసిన జ్ఞానం ఇది. ఎక్స్‌రే తీయించుకునే రోగికి, స్కాన్ గదిలో టెక్నీషియన్‌కి, రియాక్టర్ పక్క ఊరికి. కానీ డబ్బు ఎప్పుడూ ఎవరో ఒక్కరి కోసం వచ్చింది: పైలట్ కోసం, సైనికుడి కోసం, వ్యోమగామి కోసం.

1993 చివర్లో ఒక చిన్న పత్రిక ప్లుటోనియం రోగుల పేర్లు బయటపెట్టాక, క్లింటన్ ఒక సలహా సంఘాన్ని వేశాడు. రూత్ ఫేడన్ అధ్యక్షతన వాళ్ళు అటకల మీది ఫైళ్ళన్నీ దింపి చదివారు. విల్సన్ రహస్య ఆదేశం, హామిల్టన్ ఉత్తరం, సిన్సినాటీ కాంట్రాక్టు, ఓక్‌రిడ్జ్ గదులు, అన్నిటినీ ఒకే చోట చేర్చి చెప్పింది ఆ నివేదికే. 1995 అక్టోబర్ 3న క్లింటన్ దాన్ని అందుకుని ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. అదే రోజు ఓ.జె. సింప్సన్ కేసు తీర్పు వచ్చింది. అమెరికాలో టీవీలన్నీ అటు తిరిగాయి.

నేడు వ్యోమగామికి తన మోతాదు తెలుసు, ప్రమాదం తెలుసు, సంతకం పెట్టే ముందు వద్దనే హక్కుంది. గగన్‌యాన్ ఎక్కే మనవాళ్ళకీ అంతే. ఓక్‌రిడ్జ్ గదిలో పడుకున్నవాళ్ళకి మాత్రం తమ గదికీ చంద్రుడికీ సంబంధం ఉందని ఎవరు చెప్పారు? కేసు షీటు మీద ‘అన్నం ముట్టలేదు’ అని రాసిన నర్సుకీ ఆ సంగతి తెలియదు.